సీసీ తగ్గింది, లాగుడు పెరిగింది

తుళ్లూరు సెంటర్లో కొత్త కారు ఆగిందంటే ఓనరుకి ఎదురయ్యే ప్రశ్నలు మూడే. ఎన్ని సీసీ? లీటరుకి ఎంతిస్తుంది? ఆన్‌రోడ్ ఎంత పడింది? 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగి, 29 గ్రామాల రైతులు ముప్పై వేల ఎకరాలకు పైగా ఇచ్చిన తర్వాత, పత్తి బోరేలూ మిర్చి టిక్కీలూ పేర్చిన వాకిళ్లలో కార్లు నిలబడటం ఈ చుట్టుపక్కల మామూలైంది. కుర్రాళ్ల చూపు ఇప్పుడు స్పోర్ట్స్ కార్ల మీదికీ, ‘జీటీ’ అని బ్యాడ్జీ తగిలించుకున్న ఎస్‌యూవీల మీదికీ పోతోంది. మోడల్ మారినప్పుడల్లా పెద్దవాళ్లకి ఒకటే అనుమానం: సీసీ తగ్గించి, రేటు పెంచి, ఇది కొత్త ఇంజిన్ అంటాడేంటి?

అనుమానం సబబే. కాకపోతే దానికి జవాబు ఇంజిన్‌లో సగమే దొరుకుతుంది. మిగతా సగం పన్నుల చట్టంలో ఉంది.

ఈ తగాదా చాలా గట్టిగా నడిచింది పోర్షే కారు దగ్గర. పైకప్పు మడుచుకునే రెండు సీట్ల బాక్‌స్టర్‌కి మొదట్నుంచీ ఆరు సిలిండర్ల ఇంజినే ఉండేది. 2016లో ఆ కారుని మార్చి, 718 బాక్‌స్టర్ అని పేరు పెట్టి, రెండు సిలిండర్లు తీసేశారు. పాత 2.7 లీటర్ల ఇంజిన్ 265 హార్స్‌పవర్, 280 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. కొత్త ఇంజిన్ రెండు లీటర్లే, సిలిండర్లు నాలుగే. అయినా 300 హార్స్‌పవర్, 380 న్యూటన్ మీటర్లు. కాగితం మీద చూస్తే గొణగాల్సిన పని లేదు. అభిమానులు మాత్రం గొణగడం కాదు, గగ్గోలు పెట్టారు.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. కిలో పెట్రోలు శుభ్రంగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అంటే ఇంజిన్ తినేది ప్రధానంగా గాలి. పెట్రోలు నంజుడు కిందే లెక్క. పెట్రోలుని ఎంత కావాలంటే అంత చిమ్మొచ్చు, అది పంపు పని. గాలిని సిలిండర్‌లోకి ఎక్కించడమే కష్టం. మామూలు ఇంజిన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి బయటి గాలి తనంతట తాను వస్తుంది. ఎంత ఖాళీ ఉంటే అంత గాలి, అంత మంట, అంత బలం. ఆ ఖాళీల మొత్తమే సీసీ. అందుకే పాత రోజుల్లో సీసీ అడిగితే బలం తెలిసిపోయేది.

టర్బో ఆ లెక్కని చెడగొట్టింది. సైలెన్సర్ గుండా ఊరికే పోయే వేడి పొగ దారిలో ఒక చిన్న చక్రం పెట్టారు. పొగ తోపుకి అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దానికి బిగించిన ఇరుసు రెండో కొసన ఇంకో చక్రం ఉండి, బయటి గాలిని పట్టి సిలిండర్‌లోకి కుక్కుతుంది. ఖాళీ అంతే, అందులోకి దూరే గాలి మాత్రం ఎక్కువ. రెండు లీటర్ల ఇంజిన్ మూడు లీటర్ల ఇంజిన్ తినేంత గాలి తినగలదు. అవసరం లేనప్పుడు మళ్లీ రెండు లీటర్ల ఇంజిన్‌లాగే ఉండగలదు.

ఇక్కడ టార్కుకీ హార్స్‌పవర్‌కీ తేడా తెలియకపోతే బ్రోషర్ చదవడం దండగ. టార్క్ అంటే ఇరుసుని తిప్పే బలం. హార్స్‌పవర్ అంటే ఆ బలంతో ఎంత చురుగ్గా పని జరుగుతోందన్నది. న్యూటన్ మీటర్లని నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 7,022తో భాగిస్తే హార్స్‌పవర్ వచ్చేస్తుంది. మన ట్రాక్టరునే తీసుకోండి. 50 హార్స్‌పవర్ ట్రాక్టరు 2,100 చుట్ల దగ్గర ఆ శక్తినిస్తుందంటే టార్క్ 170 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ టార్క్ తక్కువ చుట్లకే దొరుకుతుంది, కిందనున్న గేర్లు దాన్ని ఎన్నో రెట్లు చేస్తాయి. అందుకే మిర్చి లోడుతో గుంటూరు యార్డుకి కదిలేటప్పుడు ఇంజిన్ గొంతు చించుకోదు. కార్లోనూ అంతే. పాదం పెట్టగానే సీటు వీపుని తోసేది హార్స్‌పవర్ కాదు, తక్కువ చుట్లలో దొరికే టార్క్. బాక్‌స్టర్ కొత్త ఇంజిన్‌లో ఆ 380 న్యూటన్ మీటర్లు 1,950 చుట్ల దగ్గరే మొదలవుతాయి. పాత ఇంజిన్ తన 280ని అందుకోవాలంటే 4,500 చుట్ల దాకా పోవాల్సిందే.

మరి గగ్గోలు దేనికి? చప్పుడు గురించి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. ఆరు సిలిండర్లయితే చుట్టుకి మూడు పేలుళ్లు, నాలుగయితే రెండు. 6,000 చుట్ల దగ్గర సెకనుకి 300 పేలుళ్లకి బదులు 200 మాత్రమే. సంగీతం తెలిసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది: షడ్జమం నుంచి పంచమం ఎంత దూరమో అంత దూరం శ్రుతి కిందికి దిగిపోయింది. దానికి తోడు, పొగ దారిలో తిరిగే టర్బో చక్రం పేలుళ్ల పదునుని కొంత మింగేస్తుంది. నాలుగేళ్లు తిట్లు తిన్నాక 2020లో పోర్షే అదే కారులో ఖరీదైన రకానికి 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ని, టర్బో లేకుండా, తిరిగి పెట్టింది. 400 హార్స్‌పవర్. చప్పుడు కోసం జనం అదనంగా డబ్బిస్తారని తేలిన సందర్భం అది. నన్నడిగితే, స్పోర్ట్స్ కారు కొనేవాడు చప్పుడు కోసం డబ్బివ్వడంలో తప్పేమీ లేదు. వేగమొక్కటే కావాలంటే అంతకన్నా చవకైన దార్లు బోలెడున్నాయి.

అసలు రెండు సిలిండర్లు ఎందుకు తీశారు? ఐరోపాలో బొగ్గుపులుసు వాయువు లెక్కలు బిగుసుకోవడం ఒక కారణం. దాంతోపాటు ఇంకో అంకె చూడండి. చైనాలో కారు మీద వినియోగ పన్ను ఇంజిన్ సైజుని బట్టి ఉంటుంది. ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల దాకా 5 శాతం. రెండున్నర దాటి మూడు దాకా 12 శాతం. పాత బాక్‌స్టర్ 2.7 లీటర్లు. కొత్తది 1,988 సీసీ. గీతకి పన్నెండు సీసీల కింద ఆగింది. ఇది కాకతాళీయమని నేననుకోను.

ఇప్పుడు మన రాష్ట్రానికి వద్దాం. పోర్షే లాంటి కారు పూర్తిగా తయారై దిగుమతవుతుంది. దాని మీద భారీ కస్టమ్స్ సుంకం, ఆపైన జీఎస్టీ, ఆపైన లైఫ్ ట్యాక్స్ వేసుకుంటే ఊళ్లో నూటికి తొంభై తొమ్మిది మందికి అది చూసి సంతోషించే వస్తువే. ఇదే నాటకం చిన్న స్థాయిలో జరిగింది మాత్రం పెనుకొండ దగ్గర. ఎర్రమంచిలో కియా కర్మాగారం కోసం 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది, ఎక్స్‌షోరూమ్ ధర 9.69 లక్షల నుంచి 15.99 లక్షల దాకా. అది స్పోర్ట్స్ కారు కాదు, ఎవరూ అలా అనరు కూడా. కానీ అందులో ‘జీటీ లైన్’ అని ఒక వరస పెట్టి, ఎర్ర దారంతో కుట్లేసి, 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్ ఇచ్చారు. 140 హార్స్‌పవర్, 242 న్యూటన్ మీటర్లు. నడిపినవాళ్లు ఇష్టపడ్డారు.

2023 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 రెండో దశ వచ్చింది. అంతకుముందు పొగ పరీక్ష లేబొరేటరీలో రోలర్ల మీద జరిగేది. రెండో దశలో కారు వెనక పరికరం కట్టి, నిజమైన రోడ్డు మీద నడిపి కొలవాలి. 1.4 లీటర్ల ఇంజిన్ని ఆ గడువు దాటించలేదు, పక్కన పెట్టేశారు. అదే ఏడాది జూలైలో ముఖం మార్చుకుని వచ్చిన సెల్టోస్‌లో దాని చోట 1.5 లీటర్ల టర్బో ఉంది: 160 హార్స్‌పవర్, 253 న్యూటన్ మీటర్లు. ధర 10.89 లక్షల నుంచి దాదాపు 20 లక్షల దాకా.

సీసీ ఎంతో తెలుసా? 1,482. అదే కారులో టర్బో లేని పెట్రోలు ఇంజిన్ 1,497. డీజిల్ 1,493. మూడూ పదిహేను వందల గీత కింద నక్కి కూర్చున్నాయి. అప్పటి జీఎస్టీలో 1,500 సీసీ లోపు మధ్యరకం కారుకి సెస్సుతో కలిపి 45 శాతం. 1,500 దాటి, నాలుగు మీటర్లు దాటి, నేలకి 170 మిల్లీమీటర్ల ఎత్తున్న ఎస్‌యూవీ అయితే 50 శాతం. చిన్న కార్లకి ఇంకో గీత ఉంది: పెట్రోలు 1,200 సీసీ, పొడవు నాలుగు మీటర్లు. అందుకే మారుతీ, హ్యుందాయ్ రెండు వేర్వేరు కంపెనీలైనా, రెండింటి 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్లూ 1,197 సీసీయే. ఇంజనీరు పెన్సిలు పట్టకముందే ఆర్థిక శాఖ గీత గీసి పెట్టింది.

తమాషా ఏమిటంటే, 2025 సెప్టెంబరు 22న ఆ పదిహేను వందల గీత చెరిగిపోయింది. జీఎస్టీ మార్పులతో చిన్న కార్లకి 18 శాతం, మిగతా పెట్రోలు, డీజిల్ కార్లన్నిటికీ 40 శాతం. నాలుగు మీటర్లు దాటిన కారైతే ఒకటిన్నర లీటరైనా రెండు లీటర్లైనా పన్ను ఒకటే. 1,200 గీత మాత్రం అలాగే ఉంది, పైగా దాని ఎత్తు పెరిగింది: ఇవతల 18, అవతల 40. కొత్త ఇంజిన్ తయారు కావాలంటే ఏళ్లు పడుతుంది కనుక, లేని గీతకి భయపడి ముడుచుకున్న ఇంజిన్లే ఇంకొన్నాళ్లు అమ్ముడవుతాయి. రెండు లీటర్ల ఇంజిన్లు ఉన్న కంపెనీకి ఇది నెత్తిన పాలు పోసినట్టే. విద్యుత్ కార్లకైతే 5 శాతమే. మహీంద్రా 2024 నవంబరులో తెచ్చిన బీఈ 6 టార్క్ కూడా సరిగ్గా 380 న్యూటన్ మీటర్లు, బాక్‌స్టర్ ఇచ్చినంతే. అదీ చక్రం కదలకముందు నుంచే. అప్పటి ప్రారంభ ధర 18.90 లక్షలు.

సెల్టోస్ టర్బోకి ఒక లెక్క వేద్దాం. 1,500 చుట్ల దగ్గరే 253 న్యూటన్ మీటర్లు అందుతాయంటున్నారు. గుణించి భాగిస్తే ఆ క్షణాన 54 హార్స్‌పవర్. టర్బో లేని పెట్రోలు ఇంజిన్ గరిష్ఠ టార్క్ 144. అది 4,500 చుట్ల దగ్గర వస్తుంది. పోనీ, దయతలచి, 1,500 దగ్గరే మొత్తం ఇచ్చేస్తుందనుకున్నా 31 దాటదు. కరకట్ట రోడ్డు మీద ముందున్న ఇసుక లారీని దాటాలంటే తెలిసేది ఈ తేడాయే. కాగితం మీద ఉండే 160, 115 కాదు. డీజిల్ టార్క్ కూడా 250. రోజూ ఎక్కువ దూరం తిరిగేవాడు డీజిల్ తీసుకుంటే పికప్‌లో పెద్దగా పోగొట్టుకునేదేం లేదు.

ఈ అంకెలన్నీ చల్లటి గదిలో కొలిచినవి. రెంటచింతల ఎండ మనకి తెలుసు. 45 డిగ్రీల గాలి, 15 డిగ్రీల గాలికన్నా తొమ్మిది శాతం పలుచన. టర్బో లేని ఇంజిన్ మే నెలలో దాదాపు అంత బలమూ పోగొట్టుకుంటుంది. టర్బో ఇంకాస్త గట్టిగా కుక్కి కొంత సర్దుకుంటుంది. కానీ కుక్కితే గాలి వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొట్టి చూసినవాళ్లకి తెలుసు. దాన్ని చల్లార్చడానికి ముందు భాగంలో ఇంటర్‌కూలర్ అని ఇంకో రేడియేటర్ ఉంటుంది. బయటే 45 ఉంటే అదెంతని చల్లారుస్తుంది! గాలి మరీ వేడెక్కితే కొంత పెట్రోలు మంట తన దాకా రాకముందే అంటుకుని ఇంజిన్ టకటకమంటుంది. ఆ నాకింగ్‌ని సెన్సర్ పసిగట్టి నిప్పురవ్వని ఆలస్యం చేస్తుంది, బలం తగ్గుతుంది. ఇక్కడ ఇథనాల్ కలిపిన పెట్రోలుని తిట్టేవాళ్లకి ఒక మాట. ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ. ఇ20 పెట్రోలు 95 ఆక్టేన్, అంతకుముందు మామూలు పెట్రోలు 91. టర్బో ఇంజిన్‌కి నాకింగ్ విషయంలో అది మేలే. నష్టం మైలేజీలో. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ కాబట్టి, 20 శాతం కలిపితే లీటరు మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. మన చేలో పండిన మొక్కజొన్నలో కొంత మళ్లీ మన ట్యాంకులోకే వస్తోంది. ధర వచ్చినప్పుడు సంతోషం, బంకు దగ్గర విచారం.

గేరుబాక్సు గురించి రెండు మాటలు. టర్బోతో ఇచ్చే ఏడు గేర్ల డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి ఇప్పటి గేరు పట్టుకుంటే, రెండోది వచ్చే గేరుని సిద్ధం చేసి ఉంచుతుంది. హైవే మీద వెన్నలాగా మారుతుంది. కానీ అవి నూనెలో మునగని పొడి క్లచ్‌లు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకిస్తుంటే వేడెక్కుతాయి. విజయవాడలోనే రోజంతా తిరిగేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆప్షన్ల దగ్గర కంపెనీల తెలివి ముచ్చటేస్తుంది. పోర్షే పద్ధతి వేరు: కారు ఒక ధర, ఆపైన కుట్టు దారం రంగుకి కూడా విడిగా డబ్బు. మన కంపెనీలు విడివిడిగా అమ్మవు, కట్టగట్టి అమ్ముతాయి. 2023 సెల్టోస్‌లో టర్బో కావాలంటే కింది రకాల్లో దొరికేది కాదు. పై రకానికి ఎక్కాల్సిందే. ఎక్కితే మీరు అడగని సన్‌రూఫ్ కూడా మీ నెత్తినే ఉండేది. లక్షల కార్లు చేసే కర్మాగారంలో ప్రతి కారుకీ వైరింగు మార్చడం తలనొప్పి అన్నది నిజమే. ఇంజిన్ మీద మోజున్నవాడి చేత అద్దాల కప్పు కొనిపించొచ్చన్నది అంతకన్నా పెద్ద నిజం.

ఈ ఆప్షన్లలో ఏది పనికొస్తుంది? గాలి చిమ్మే సీట్లు మన వేసవిలో ప్రతి రోజూ ఉపయోగపడతాయి. పెద్ద సన్‌రూఫ్ గుంటూరు జిల్లాలో ఏడాదికి ఎన్ని గంటలు తెరుస్తారో మీరే చెప్పుకోండి. రాడార్, కెమెరాలతో తనంతట తాను బ్రేకు వేసే ఏడాస్ మంచి పరికరమే. కానీ దాని సగం తెలివి రోడ్డు మీది తెల్ల గీతల్ని చదవడంలో ఉంది. గీతలే లేని ఊరి రోడ్డు మీద, సగం రోడ్డున ధాన్యం ఆరబోసి, మిగతా సగాన గేదెలు నడుస్తుంటే దానికి ఏం చదవాలో తెలియదు. ఆరు ఎయిర్‌బ్యాగులు, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు 2023 మోడల్లో కింది రకం నుంచే వచ్చాయి కాబట్టి భద్రత కోసం టాప్ ఎండ్ తీసుకోవాలన్న షోరూమ్ మాటని అంత సీరియస్‌గా తీసుకోనక్కర్లేదు.

చక్రాల విషయంలో మాత్రం నాది గట్టి అభిప్రాయం. పెద్ద అలాయ్ చక్రాలు వద్దు. కారణం మన నేల. నల్లరేగడిలో ఉండే బంకమన్ను వానకి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి బీటలు వారుతుంది. పత్తికి అది వరం, రోడ్డుకి శాపం. తారు ఎంత బాగా వేసినా కింద నేల ఏటా లేస్తూ దిగుతూ ఉంటే రోడ్డు అలలు అలలుగా తయారవుతుంది. చక్రం పెద్దదైతే టైరు గోడ పలుచనవుతుంది. అల తగిలినప్పుడు ఆ దెబ్బ రబ్బరు తినదు, రిమ్మూ నడుమూ తింటాయి. నిజమైన స్పోర్ట్స్ కారుకైతే ఇంకో ఇబ్బంది, స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. దాని మీంచి బాక్‌స్టర్ అయినా తాపీగా దాటుతుంది. ఊళ్లో కుర్రాడు పడ్డాడని రాత్రికి రాత్రి తట్టెడు కాంక్రీటు పోసి కట్టిన బ్రేకర్ మీద మాత్రం దాని పొట్ట మిగలదు.

ఇక ధర. నాలుగేళ్లలో సెల్టోస్ టాప్ రకం 4 లక్షలు పెరిగింది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం ప్రకటించిన రేటు క్వింటాలుకి 11,781 రూపాయలు. ఆ పెరుగుదలే 34 క్వింటాళ్ల మిర్చి. ఆ టాప్ రకం ధర 19.99 లక్షల దగ్గర ఆగడం వెనక బాటా చెప్పుల తంతే కాక ఇంకో గీత కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ పెంచిన శ్లాబుల ప్రకారం లైఫ్ ట్యాక్స్ 5 లక్షల నుంచి 10 లక్షల బండికి 14 శాతం, 20 లక్షల దాకా 17, ఆపైన 18. గీత దాటితే దాటిన రూపాయల మీదే కాదు, మొత్తం ధర మీద పడుతుంది. 9.95 లక్షల కారుకి ట్యాక్స్ 1,39,300. 10.05 లక్షల కారుకి 1,70,850. ధరలో తేడా పది వేలు, ట్యాక్సులో తేడా 31,550. రంగు కోసమో రెండు స్పీకర్ల కోసమో పై రకానికి జరిగేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఈ లెక్క వేసుకోవాలి.

పది లక్షలు దాటితే ఇంకోటి. 2016 జూన్ నుంచి షోరూమ్‌లోనే 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తున్నారు. 16 లక్షల కారుకి 16 వేలు. అది ఖర్చు కాదు, మీ పాన్ పేరున జమ అయ్యే ముందస్తు ఆదాయపు పన్ను. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. 2014 జూన్ 2 నాటికి భూమి ఉన్న రాజధాని రైతులకి భూసమీకరణ లాభం మీద కూడా 2017 ఫైనాన్స్ చట్టం మినహాయింపు ఇచ్చింది. దాంతో ఇక్కడ చాలామందికి రిటర్ను వేసే అలవాటే లేదు. వేయకపోతే ఆ 16 వేలు ప్రభుత్వం దగ్గరే ఉండిపోతాయి. షోరూమ్‌లో తాళాలు తీసుకునేటప్పుడే టీసీఎస్ సర్టిఫికెట్ అడిగి, ఆ ఏడాదికి రిటర్ను వేస్తే వెనక్కి వస్తాయి.